మద్దెల ఓడైనప్పుడు

“ఆడలేనమ్మ మద్దెల ఓడన్నది” యను సామెత నెరుగని గృహిణి మనలో నుండదు. చేతగానివారు తమ లోపమును పనిముట్టుపైకి నెట్టుదురని దాని భావము. పిల్లలు ఓడి వచ్చి సాకులు చెప్పునప్పుడెల్ల నేనును ఈ సామెతనే ప్రయోగించుచుంటిని. కాని యొక్కొక్కప్పుడు మద్దెల నిజముగానే ఓడై యుండవచ్చును గదా! అప్పుడు ఆడునామెను పరిహసించుట ధర్మమగునా? ఈ సందేహము నాకు పురాణశ్రవణమున కలుగలేదు; మా పిల్లలాడు కారుపందెపు వీడియోగేము మూలమున కలిగినది. వీడియోగేములతో మనకేమి పనియని పుట త్రిప్పివేయకుడు, సోదరీమణులారా! అవి మన నడిమింటిలోనికే వచ్చియున్నవి. వానియందు మన బిడ్డలు గెలుపోటముల నెట్లు అర్థముచేసికొనుచున్నారో తెలిసికొనుట మన పనియే.

ఈ వేసవి సెలవులలో జరిగిన సంగతి. మా పిల్లవానికి పదునాలుగేండ్లు, అమ్మాయికి పండ్రెండు. ఇరువురును ఒకే ర్యాలీ గేమును తమ తమ పేరులతో వంతులవారీగా ఆడుచుందురు. అందులో వారమునకొక పందెము వచ్చును. దారి యందరికిని ఒకటే. ఎవరెంత కాలములో ముగించిరో పట్టికయందు కనబడును. మొదటి రెండు వారములును అన్నాచెల్లెండ్ర కాలములకు రెండు మూడు సెకండ్లకంటె భేదము లేకుండెను. ఒకమారు అమ్మాయియే ముందు నిలిచినది. తరువాత ఆమె వారవారమునకును వెనుకబడసాగినది. అయిదవ వారమున భేదము పదునాలుగు సెకండ్లయ్యెను.

“అన్నయ్య కారు మంచిదమ్మా, నాది కాదు” అని అమ్మాయి నాతో చెప్పుకొన్నది. నేను పొయ్యికడనుండి కదలకయే “ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట” అంటిని. పిల్లవాడు పకపక నవ్వెను. ఆమె మారుపలుకలేదు. మరునాడు తన వంతు వచ్చినదని అన్న పిలిచినను ఆటకు లేవలేదు. ఏమని యడుగగా “నాకది రాదు లేమ్మా” అనినది.

నిన్న “నా కారు మంచిది కాదు” అన్న పిల్ల నేడు “నాకు రాదు” అనుచున్నది. నడుమ జరిగినది నా సామెత యొక్కటే. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఉదయముననే పిల్లవానిని కూర్చుండబెట్టి, ఈ ఆట యేమిటో మొదటినుండి చెప్పుమని యడిగితిని. పిమ్మట నేనును కొంత చదివి తెలిసికొంటిని. ఆ తెలిసికొన్నది మీకును చెప్పెదను.

ర్యాలీ యనగా అన్ని కార్లును ఒక్కసారి బయలుదేరి ఒకదానినొకటి తరుముకొను పందెము కాదు. అడవిదారులు, కంకరబాటలు, మంచుదారులు, కొండమలుపులు, ఇట్టి మార్గములను భాగములుగా విభజించి, ఒక్కొక్క కారును కొంత యెడముతో విడుతురు. ప్రతి భాగమునకు పట్టిన కాలమును కూడుదురు; తక్కువ కాలము పట్టినవారిదే గెలుపు. నడుపువారి ప్రక్కన కో-డ్రైవరు కూర్చుండి, రానున్న మలుపు ఎడమకో కుడికో, ఎంత వంపో, ముందుగా వ్రాసికొన్న గుర్తులను బట్టి చదివి వినిపించుచుండును. ఎదిరి కంటికి కనబడడు, గడియారముతోనే పోరాటము. ఎంత సన్నని భేదముతో గెలుపు తేలునో చూడుడు. 2011 లో జోర్డాను దేశపు ర్యాలీయందు వందల కిలోమీటర్ల దారి నడచిన పిమ్మట సెబాస్టియన్ ఓజియే యను ఫ్రెంచివాడు, యారీ-మట్టి లాట్వాలా యను ఫిన్లండువానిపై గెలిచినది 0.2 సెకండ్ల భేదముతో! ఱెప్పపాటు కాలమన్నమాట.

వీడియోగేములు పుట్టిన తొలిదినములలో కారునుగూర్చిన తగవు లేకుండెను. 1995 ప్రాంతమున సెగా కంపెనీవారి ర్యాలీ యంత్రములు ఆటశాలలలో నుండెడివి. నాణెము వేసినవారికెల్ల అవే కార్లు, అవే దారులు. కోటీశ్వరుని కొమరుడు వేసిన నాణెమునకు కారు మరింత వేగముగా పరుగెత్తెడిది కాదు. జపానులో 1997 సంవత్సరాంతమున వెలువడిన గ్రాన్ టురిస్మో యను గేము వేరొక పద్ధతిని జనప్రియ మొనర్చినది. ఆటగాని చేతికి కొలదిపాటి గేముధనము నిత్తురు. దానితో నొక పాతకారు కొని, పందెములలో గడించినకొలది దానికి మంచి భాగములు తగిలించుకొనుచు, క్రమముగా గొప్ప కార్లకు ఎక్కవలయును. ర్యాలీ గేములలోనికిని ఈ పద్ధతి ప్రవేశించెను. 2019 లో ఇంగ్లండునందలి కోడ్‌మాస్టర్సువారు వెలువరించిన డర్ట్ ర్యాలీ 2.0 లో, ఒక కారును ఎక్కువ దూరము నడిపినకొలది దానికి మెరుగుభాగములు అందుబాటులోనికి వచ్చును. గడించిన గేముధనముతో వానిని కొనుక్కొనవలయును.

ఈ పద్ధతి స్వతస్సిద్ధముగా చెడ్డదని నేననను. పసివానికి పలకమీద ఓనమాలు దిద్దింపకయే గ్రంథము చేతికిచ్చువారు లేరు గదా! 1960 ప్రాంతపు చిన్న కారుతో ఆరంభించినవారు, దాని కొద్దిపాటి బలమునకు తగినట్లు మలుపును ఎట్లు పట్టవలయునో, వేగమును వృథాపుచ్చక ఎట్లు నిలుపుకొనవలయునో నేర్చికొందురు. ఆ నేర్పు లేనివారి చేతికి గొప్ప కారు నిచ్చిన మొదటి మలుపుననే చెట్టునకు కొట్టుదురు. కష్టించినకొలది ఫలము పెరుగుట చూచి పిల్లలు ఓరిమి నలవరచుకొందురు. ఒంటరిగా ఆడుకొనునంతవరకు ఇది చక్కని పాఠమే.

చిక్కంతయు పోటీయందు వచ్చును. ఇంజనుకు బలము చేర్చిన కారు మెట్టదారిలో త్వరగా నెక్కును. మంచి గేర్లు వేగమును త్వరగా అందుకొనును. మంచి బ్రేకులున్నవారు మలుపును మరికొంత సమీపించువరకు వేగము తగ్గింపక పోగలరు. ఒక్కొక్కదానివలన కలుగు లాభము స్వల్పమే. కాని లెక్క వేసి చూడుడు. అయిదు నిమిషముల దారియనగా 300 సెకండ్లు. మెరుగుపరచిన కారునకు పట్టు కాలము నూటికి మూడు పాళ్లు మాత్రమే తగ్గినను 9 సెకండ్లు మిగులును. 0.2 సెకండ్లతో ప్రపంచపు పోటీ తేలుచోట 9 సెకండ్లనగా సామాన్యమా? అంతటితో నిలువదు. గెలిచినవారికి ఎక్కువ ధనము. ధనముతో మరింత మంచి భాగములు. వానితో మరల గెలుపు. అప్పులవాని యింట వడ్డీ పెరిగినట్లు, వెనుకబడినవారి లోటు వారవారమునకు పెరుగుచునేయుండును.

మా యింటి గేమునందును ఇట్టి పద్ధతియే. పిల్లలిద్దరి కార్లను ప్రక్కప్రక్కన తెరపై చూపింపుమంటిని. పిల్లవాని కారునకు ఇంజను మొదలు బ్రేకులవరకు అన్నియు మార్చబడియున్నవి. అమ్మాయిదానికి ఒక్కటే భాగము మారినది. ఎవరెన్ని గంటలు ఆడిరో కూడ అందు వ్రాసియున్నది. అయిదు వారములలో పిల్లవాడు నలువదియారు గంటలు, అమ్మాయి పదునొకండు.

ఎందువలన? ఆమెకు ఆసక్తి తక్కువయై కాదు. ఆమె తెరముందు కూర్చున్నప్పుడెల్ల పిలిచినదానను నేను. చిక్కుడుకాయలు తుంచుమనియు, చుట్టములకు మంచినీళ్లిమ్మనియు, ఆరిన బట్టలు తీయుమనియు, తాతగారి మందువేళ చూడుమనియు పిలిచితిని. పిల్లవానిని ఆ సెలవులలో ఎన్నిమారులు పిలిచితినా యని జ్ఞాపకము చేసికొనగా, భోజనమునకు తప్ప మరియొక పిలుపు గుర్తునకు రాలేదు. ఈ ఆటలో గంటలే దూరము, దూరమే భాగములు, భాగములే వేగము. కావున అమ్మాయి కారు ఇంజనులో బలము లేకపోవుటకు కారణము మా వంటయిల్లు! మద్దెలకు చిల్లి పొడిచినదానను నేనే. ఆడలేవని నవ్వినదానను నేనే.

కారుబలమెంత, నడుపువారి నేర్పెంత యను ప్రశ్న నిజమైన ర్యాలీలకును క్రొత్తది కాదు. 1964 లో మాంటీకార్లో ర్యాలీకి చిన్న ఇంజనుగల మినీ కూపర్లును, పెద్ద ఇంజనుగల ఫోర్డ్ ఫాల్కనులును వచ్చినవి. నిర్వాహకులు కారు తరగతిని బట్టి కాలములను సరిచేయు లెక్క యొకటి యేర్పరచియుండిరి. ఆ లెక్కప్రకారము పాడీ హాప్‌కిర్క్ నడిపిన మినీకి మొదటిస్థానమును, ఫాల్కనుకు రెండవస్థానమును లభించెను. 1995 లో టర్బో ఇంజనుకు గాలి చొచ్చు దారి 34 మిల్లీమీటర్లకు మించరాదని నిబంధన యుండగా, టొయోటావారి సెలికా కార్లలో అంతకుమించి గాలి చొరబడు రహస్యపుటేర్పాటు స్పెయినునందలి ర్యాలీలో బయటపడెను. ఆ యేటి వారి పాయింట్లన్నియు తీసివేసి, పండ్రెండు నెలలు పోటీలనుండి వెలివేసిరి. గాలి చొచ్చు రంధ్రపు కొలత యనిన మనకు చిన్నమాటగా తోచును. కాని ఆ కొలత తప్పినచో నడుపువారి నేర్పును కొలుచుట కుదరదని పెద్దలు గ్రహించిరి.

వీనికంటె నా మనస్సున నాటినది మిషెల్ మూటన్ కథ. ఆమె ఫ్రాన్సుదేశపు స్త్రీ. 1981 లో ఇటలీయందలి సాన్‌రెమో ర్యాలీని గెలిచి, ప్రపంచ ర్యాలీపోటీలలో నొకదానిని గెలిచిన మొదటి స్త్రీయైనది. ఆమె ప్రక్కన కూర్చుండి దారిగుర్తులు చదివినదియు స్త్రీయే, ఫాబ్రిజియా పోన్స్. మరుసటి సంవత్సరము మూటన్ పోర్చుగలు, గ్రీసు, బ్రెజిలు దేశములలో మూడు ర్యాలీలు గెలిచి, ప్రపంచ విజేతృత్వమునకు చేరువయైనది. ఐవరీకోస్టు ర్యాలీ ఆరంభమగు సమయమున తండ్రి మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగియే ఆమె పందెమునకు దిగినది; కాని కడవరకు సాగలేకపోయినది. ఆ ర్యాలీని, ఆ సంవత్సరపు విజేతృత్వమును జర్మనుడైన వాల్టర్ రోర్ల్ 109 పాయింట్లతో పొందెను. ఆమె 97 పాయింట్లతో ద్వితీయస్థానమున నిలిచినది.

ఇప్పుడు కార్ల సంగతి చూడుడు. ఆమె నడిపినది నాలుగు చక్రములకును బలమందు ఆడి క్వాట్రో. రోర్ల్ నడిపినది వెనుకచక్రములకు మాత్రమే బలమందు ఓపెల్ అస్కోనా. క్వాట్రో మంచి కారు గనుకనే ఆమె గెలిచినదనువారు ఉండవచ్చును. ఈ వాదమునకు సమాధానము వెదుకవలసినది రోర్ల్ కారులో కాదు, క్వాట్రోలోనే. ఆ యేడు అదే పక్షమున, అదే విధమైన క్వాట్రోను హన్ను మిక్కోలా యను మేటి నడిపెను. మరుసటి సంవత్సరము ప్రపంచ విజేతయైనది ఆతడే. అట్టివానికి 1982 లో వచ్చినవి 70 పాయింట్లు, ఆమెకు 97. యంత్రములన్నాక విరుగుటలు, ఆగుటలు ఇరువురికిని ఉండును. ఐనను కారు సమానమైనచోట ఆమె పేరు ఆతనికంటె పైన నున్నది. ఒకే కొలత దొరికినప్పుడే స్త్రీ నేర్పు వాదమునకు అతీతముగా కనబడును. మా అమ్మాయికి నేను చేయవలసినది ఏమో ఈ కథవలన నాకు బోధపడినది.

గేములు చేయువారును ఈ సంగతి గ్రహింపకపోలేదు. 2017 లో వచ్చిన గ్రాన్ టురిస్మో స్పోర్టునందు పోటీపందెములకు కార్ల బలమును, బరువును నిర్వాహకులే సరిచేసి సమానపరచు ఏర్పాటు ఉండెను. ఎవడెంత గడించినను ఆ పందెమున కది చెల్లెడిది కాదు. నిజమైన ర్యాలీలలోను యువకుల ప్రపంచపోటీకి 2022 లో అందరకును ఒకే విధమైన ఫోర్డ్ ఫియస్టా కార్లే యిచ్చిరి. ఆ పోటీలో ద్వితీయుడైన జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను నుత్తర ఐర్లండు యువకుడు, అంతకు నాలుగేండ్లు ముందు, 2018 లో, ర్యాలీ వీడియోగేముల ప్రపంచపోటీని గెలిచినవాడు. అతడు అంతకుముందును నిజపు కార్లు నడిపినవాడే. కావున తెరమీది నేర్పు వట్టి కాలక్షేపమని తీసివేయరాదు. తగిన కొలతతో కొలిచినచో అదియు నేర్పే.

ధనమునుగూర్చియు నొకమాట. గేముధనమును నిజమైన రూకలతో కొనుటకు వీలున్న గేములు కొన్ని కలవు. 2022 మార్చిలో గ్రాన్ టురిస్మో 7 నందు పందెములకు వచ్చు బహుమానములను తగ్గింపగా, కారు కొనవలయునన్న గంటలకొలది ఆడుటయో, రూకలు పెట్టుటయో తప్పదని ఆటగాండ్రు గగ్గోలు పెట్టిరి. నిర్మాతలు క్షమాపణ చెప్పి, పదిలక్షల గేముధనమును పంచిరి. అచ్చట ఓడిన పిల్ల “అమ్మా, డబ్బియ్యి” అని వచ్చును. ఇచ్చినచో గెలుచును, కాని గెలిచినది మన సంచి. ఆ గెలుపుతో బిడ్డ నేర్చునది యేమియు లేదు.

ఇక మా యింట మేమేమి చేసితిమో చెప్పెదను. ఆదివారమునాడు భోజనములైన పిమ్మట పిల్లలిద్దరిని పిలిచి, ఒకే కారు, ఏ భాగమును మార్చనిది, ఇద్దరికిని ఎంచుమంటిని. దారి యొకటే; వాన లేని పగటివేళ యిద్దరికిని. వానయో, చీకటియో ఒకరికి తగిలిన మరల సమానము కాదు గదా! చేతిలో పట్టుకొను సాధనమును ఒకటే. ఒకరి తరువాత నొకరు, అయిదు పందెములు. పిల్లవాడు మొదట ఒప్పుకొనలేదు. “నేను కష్టపడి చేసికొన్న కారునెందుకు వదలవలెను?” అనెను. అది న్యాయమైన మాటయే. “నీ కారు నీదేరా; రోజూ దానితోనే ఆడుకొనుము. ఈ యొక్క పూట మాత్రము చేతులను కొలుచుకొందము” అంటిని.

పిల్లవాడు మూడు గెలిచెను. అమ్మాయి రెండు గెలిచినది. కడపటి పందెమున భేదము ఒక సెకండైనను లేదు. అమ్మాయి ఓడినందుకు ముఖము ముడుచుకొనలేదు. “రెండవ వంతెన దాటిన మలుపుకడ నేను బ్రేకు ముందుగా వేయుచున్నానమ్మా, అక్కడే పోవుచున్నది” అని తనంతట తానే చెప్పినది. చూచితిరా! పదునాలుగు సెకండ్ల ఓటమి ఆమెకు నేర్పినది “నాకు రాదు” అన్న మాట. ఒక్క సెకండులోపు ఓటమి నేర్పినది ఎచ్చట దిద్దుకొనవలయునో అన్న మాట. మొదటిదానిలో దిద్దుకొనుటకేమియు లేదు. రెండవదానిలో దారి కలదు.

పిల్లవాడు చాలసేపు మౌనముగా నుండి, “అయితే నా పదునాలుగు సెకండ్లలో నావెన్నమ్మా, కారువెన్ని?” అని యడిగెను. ఆ ప్రశ్న వానినోట వచ్చినందుకు నాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. తప్పుడు కొలత ఓడినవారిని క్రుంగదీయుటయే కాదు, గెలిచినవారిని మోసగించును. తన నేర్పెంతో తెలియని గెలుపు ఎన్నడో యొకనాడు నట్టేట ముంచును.

మరునాటినుండి వంటయింటి పనులకు చీటి వ్రాసి గోడకంటించితిని. చిక్కుడుకాయలు ఒకనాడు వానివి, ఒకనాడు ఆమెవి. మొదటి వారము వాడు తుంచిన కాయలలో ఈనెలు మిగిలిపోయి, మా అత్తగారు పండ్లు కుట్టుకొనుచు నవ్విరి. “ఆడలేనమ్మ” సామెతను వానిమీద ప్రయోగింపబోయి, నాలుక కరచుకొంటిని. ఈనె తీయుట వానికి ఎవరును నేర్పలేదు, నేర్పవలసినదానను నేనే.

కాబట్టి సోదరీమణులారా, మీ యింట బిడ్డలెవరైన ఓడి వచ్చి పనిముట్టును నిందించినప్పుడు తొందరపడకుడు. ఆట యేదైన కానిండు, చదువైన కానిండు, ముందుగా రెండు ప్రశ్నలు వేయుడు: ఇరువురికిని ఒకే పనిముట్టున్నదా? ఇరువురికిని ఒకే తీరిక దొరకినదా? ఈ రెండును ఉన్నవని తేలిన పిమ్మట సామెత చెప్పుడు. అంతవరకు మద్దెలను ఒక్కమారు చేతితో తట్టి, మ్రోత విని చూడుడు.